1986 పోర్షే 944 కొనాలనుకుంటున్నా: టైమింగ్ బెల్ట్ మార్చారో లేదో ఎలా తేల్చుకోవాలి?

సెకండ్‌గేర్ (డాలస్)

అందరికీ నమస్తే. ఇక్కడ దగ్గర్లోనే ఒక 1986 మోడల్ పోర్షే 944 అమ్మకానికి ఉంది. టర్బో కాదు, మామూలు 2.5 లీటర్ 8 వాల్వుల ఇంజిన్, అయిదు గేర్ల మాన్యువల్. ఎరుపు రంగు, లోపల సీట్లు పర్వాలేదు, డ్యాష్‌బోర్డ్ మాత్రం ఎండకు పగిలింది. మీటరు మీద 98,012 మైళ్లు. అడుగుతున్నది 9,500 డాలర్లు.

ఓనరు పెద్దాయన, బండికి మూడో ఓనరు. మాట మర్యాదగా ఉంది. టైమింగ్ బెల్ట్ సంగతి అడిగితే "అవన్నీ అయిపోయాయి, మీరు ఒక్క పైసా పెట్టక్కర్లేదు" అన్నారు. ఎప్పుడు అయిందంటే "కొన్నేళ్ల కిందట", కాగితం ఉందా అంటే "వెతకాలి". నడిపి చూశాను, ఇంజిన్ నున్నగా ఉంది, పొగ లేదు. ఈ వారాంతంలో అడ్వాన్స్ ఇద్దామనుకుంటున్నా. ఆయన మాట నమ్మొచ్చా? లేక బండి మీదే చూసి తెలుసుకునే దారి ఏమైనా ఉందా?

నలభై ఏళ్ల బండి ఎందుకు అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్న ఇంట్లో రోజూ వింటున్నా.

—

పాతబండి (న్యూజెర్సీ)

తమ్ముడూ, ముందు ఆ అడ్వాన్స్ ఆపు.

944లో తేదీ, మైళ్లు రాసిన రసీదు లేకపోతే బెల్ట్ మార్చనట్టే లెక్క. ఆయన మంచివారా కాదా అన్నది ఇక్కడ విషయమే కాదు. ఈ బండ్లు అమ్మేవాళ్లలో చాలామంది మంచివాళ్లే. తమకు అమ్మినవాడు చెప్పిన మాటనే నమ్మి, మళ్లీ మనకు చెబుతారు. మూడో ఓనరంటే ఆ "అయిపోయాయి" అన్నమాట మొదట ఎవరు అన్నారో ఆయనకే తెలియకపోవచ్చు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఇది ఇంటర్‌ఫియరెన్స్ ఇంజిన్. వాల్వు తెరుచుకుని దిగే చోటికే పిస్టన్ కూడా పైకి వస్తుంది. రెండూ ఒకే క్షణంలో అక్కడికి రాకుండా కాపాడేది ఆ రబ్బరు బెల్టే. అది తెగినా, కొన్ని పళ్లు జారినా వాల్వులు వంగిపోతాయి. ఇంజిన్ పైభాగం, అంటే హెడ్ విప్పి, వాల్వులు మార్చి, మళ్లీ కూర్చోబెట్టాలి. ఆ ఖర్చులో బండి సగం ధర పోతుంది. తెగబోయే ముందు చప్పుడో సూచనో వస్తుందని ఆశ పెట్టుకోవద్దు, చాలాసార్లు ఏమీ రాదు.

ఇంకొకటి. ఇందులో బెల్టులు రెండు. టైమింగ్ బెల్ట్ ఒకటి, బ్యాలెన్స్ షాఫ్ట్‌లను తిప్పేది ఇంకొకటి. రెండున్నర లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ కాబట్టి వణుకు ఎక్కువ. దాన్ని చంపడానికి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) కంటే రెట్టింపు వేగంతో తిరిగే రెండు షాఫ్ట్‌లు పెట్టారు. ఆ పేటెంట్ మిత్సుబిషీ దగ్గర ఉండటంతో పోర్షే అంతటి కంపెనీ కూడా వాళ్లకు రాయల్టీ కట్టింది. "బ్యాలెన్స్ బెల్ట్ తెగితే వణుకేగా, ఏమవుతుంది" అని కొందరు దాన్ని వదిలేస్తారు. అది తెగి ఆ ముక్క టైమింగ్ బెల్ట్‌లో ఇరుక్కుంటే కథ ఒకటే.

రసీదు దొరికితే బెల్ట్ అన్న ఒక్క పదం చూసి సంబరపడకు. రెండు బెల్టులూ ఉన్నాయా, బెల్ట్‌ను దారిలో పెట్టే రోలర్లు ఉన్నాయా, వాటర్ పంప్ ఉందా, ముందువైపు ఆయిల్ సీళ్లు ఉన్నాయా అని చూడు. ఈ బండిలో వాటర్ పంపును తిప్పేది టైమింగ్ బెల్టే. పంప్ బేరింగ్ పట్టేస్తే కొత్త బెల్ట్ కూడా పోతుంది.

ఎన్నాళ్లకు మార్చాలంటే, 944 ఉన్నవాళ్లలో ఎక్కువమంది పాటించేది 30,000 మైళ్లు లేదా నాలుగైదేళ్లు, ఏది ముందైతే అది.

—

మియాటా మనిషి (శాన్ హోసే)

ఈ తలనొప్పంతా దేనికి బ్రో? ఆ డబ్బుకే మంచి మాజ్దా మియాటా వస్తుంది. 1990 నుంచి 1993 దాకా వచ్చిన 1.6 ఇంజిన్‌కి కూడా టైమింగ్ బెల్టే, 60,000 మైళ్లకు మార్చాలి. కానీ అది తెగితే బండి రోడ్డు పక్కన ఆగుతుంది, అంతే. వాల్వు, పిస్టన్ తగలవు. కొత్త బెల్ట్ వేసుకుని ఇంటికి వెళ్లొచ్చు.

—

పాతబండి (న్యూజెర్సీ)

మాట నిజమే, కానీ అతను అడిగింది 944 గురించి. మియాటా వాళ్లు ప్రతి చర్చలోకీ ఇలాగే వస్తారు 🙂

—

గ్రీజుచేతులు (హ్యూస్టన్)

నేను ఇక్కడ పాత జర్మన్ బండ్లు బాగుచేసే షెడ్‌లో చాలాకాలం చేశాను. ఇప్పుడు ఇంట్లో సొంత బండ్లు మాత్రమే. బండి మీద ఏం చూడొచ్చో చెబుతా.

ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు వెళ్లు. ముందు టార్చ్‌తో బెల్ట్ కవర్ బోల్టుల తలలు చూడు. నలభై ఏళ్ల దుమ్ము, జిడ్డు అలాగే పేరుకుని ఉంటే ఈ మధ్య ఎవరూ విప్పలేదు. సాకెట్ పెట్టిన మెరుపు గీతలు ఉంటే ఎవరో విప్పారు, కానీ ఎందుకు విప్పారో తెలియదు. తర్వాత ఓనరును అడిగి పై కవర్ విప్పించు. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే.

కవర్ తీశాక బెల్ట్ వెనుకవైపు, అంటే పళ్లు లేని నున్నటి వైపు చూడు. కొత్త బెల్ట్ మీద కంపెనీ పేరు, పార్ట్ నంబరు స్పష్టంగా ఉంటాయి. రోలర్లు, వాటర్ పంప్ పుల్లీ ఆ వైపు రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి అక్షరాలు క్రమంగా చెరిగిపోతాయి. అంచుల్లో దారాలు లేచాయా, పళ్ల మొదట్లో గీతలున్నాయా, కవర్ లోపల నల్లటి రబ్బరు పొడి రాలిందా చూడు. ఆ తర్వాత ముఖ్యమైనది తడి. క్యామ్ సీల్, క్రాంక్ సీల్, బ్యాలెన్స్ షాఫ్ట్ సీళ్లు, వీటిలో ఏది కారినా ఆ ఆయిల్ బెల్ట్ మీదే పడుతుంది. ఆయిల్ తాగిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. అలాంటి బెల్ట్ ఎంత కొత్తదైనా పనికిరాదు. వాటర్ పంప్ కింద కూలెంట్ ఎండిన మరక ఉందేమో కూడా చూడు.

ఇంత చూసినా తెలిసేది "ఇది పాడైంది" అన్న సంగతే. "ఇది బాగుంది" అని కళ్లతో ఎవరూ చెప్పలేరు. పైకి చక్కగా కనిపించే బెల్ట్ లోపల దారాలు అలసిపోయి ఉండొచ్చు. బెల్ట్‌ని చూసి దాని ఆయుష్షు చెప్పడం, ముఖం చూసి షుగర్ ఎంతుందో చెప్పడమే.

బండి స్టార్ట్ చేసినప్పుడు సన్నగా ఈల వేసినట్టు వినిపిస్తే ఏదో ఒక బెల్ట్ మరీ బిగుతుగా ఉంది, పంప్ బేరింగ్ మీద భారం పడుతోంది. రెవ్ పెంచుతుంటే స్టీరింగ్ దాకా వణుకు వస్తే బ్యాలెన్స్ షాఫ్ట్ మార్కులు తప్పుగా పెట్టారని అనుమానించు. ఒక షాఫ్ట్‌ను అరచుట్టు తేడాతో బిగించి ఇచ్చేసిన బండ్లు చాలా చూశాను. బెల్ట్ కొత్తదే, వేసినవాడికే ఈ బండి తెలియదు.

చివరిగా, ఇంజిన్‌ను చేత్తో తిప్పి చూడాలనిపిస్తే క్రాంక్ బోల్టును గడియారం ముల్లు తిరిగే వైపే తిప్పాలి. వెనక్కి తిప్పితే వదులు బెల్ట్ పన్ను జారే ప్రమాదం ఉంది. తెలియకపోతే దాని జోలికి పోకు.

—

లాంగ్‌రూట్ (చికాగో)

పిల్లాణ్ని మరీ భయపెడుతున్నారు. నా దగ్గరున్న 944లో బెల్ట్ వేసి పదేళ్లు దాటింది. ఏడాదికి వెయ్యి మైళ్లు కూడా తిరగదు. కవర్ తీసి చూస్తా, బాగానే ఉంటుంది, మూసేస్తా. మైళ్లు తిరగకుండా బెల్ట్ ఎలా అరుగుతుంది?

—

గ్రీజుచేతులు (హ్యూస్టన్)

అన్నా, అరగడం ఒకటి, ముసలిదవడం ఒకటి. రబ్బరు వేడికి, గాలికి గట్టిపడుతుంది, అది మైళ్లు లెక్కపెట్టదు. పైగా నెలల తరబడి ఒకేచోట నిలబెట్టిన బండిలో, పుల్లీ చుట్టూ వంగిన చోట బెల్ట్ అదే వంపులో బిగుసుకుపోతుంది. రోజూ నడిచే బండి కంటే నిలబెట్టిన బండి విషయంలోనే నాకు భయం ఎక్కువ. మీ బండి ఇన్నాళ్లు నడిచిందంటే సంతోషం. కానీ దాన్ని చూపించి ఇంకొకరిని కొనమనడం వేరు.

—

లాంగ్‌రూట్ (చికాగో)

నేను కొనమనలేదు, భయపడొద్దన్నాను. సరే, వదిలేద్దాం.

—

అబార్త్ హైదరాబాదీ (కూకట్‌పల్లి)

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి అన్నా. ఇక్కడ మాకు 944లు లేవు, ఉన్నది ఫియట్ అబార్త్ పుంటో. 1.4 టీ-జెట్, 145 హార్స్‌పవర్, అదీ టైమింగ్ బెల్ట్ ఇంజినే. 2015లో వచ్చింది, తర్వాత కొన్నేళ్లకే ఫియట్ ఇక్కడి నుంచి వెళ్లిపోయింది. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లకు ఇదే టెన్షన్. కంపెనీ సర్వీస్ రికార్డు కొన్నేళ్ల దాకా ఉంటుంది, ఆ తర్వాత బండి బయటి షెడ్లలోనే తిరుగుతుంది. అక్కడ చిట్టీ మీద "బెల్ట్ పని" అని రాసి మొత్తం వేస్తారు. తేదీ ఉంటే కిలోమీటర్లుండవు, కిలోమీటర్లుంటే తేదీ ఉండదు.

అందుకని మేమిక్కడ అడిగేది వేరే. బెల్ట్ కిట్ ఎక్కడ కొన్నారో ఆ పార్ట్స్ బిల్లు, లేదా డబ్బు కట్టిన యూపీఐ స్క్రీన్‌షాట్. చాలామంది కిట్‌ను వేరే ఊరి నుంచి తెప్పించుకున్నారు కాబట్టి కొరియర్ మెసేజ్ అయినా ఫోన్‌లో ఉంటుంది. నిజంగా చేయించినవాడు అయిదు నిమిషాల్లో ఏదో ఒకటి చూపిస్తాడు. చేయించనివాడు మెకానిక్ మంచితనం గురించి మాట్లాడతాడు.

ఇంకోటి, ఇక్కడ కిలోమీటర్లను కూడా నమ్మలేం. మీటరు తిప్పారని కాదు. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర రోజూ అరగంట నిలబడే బండికి కిలోమీటర్లు పెరగవు, ఇంజిన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

—

పాతబండి (న్యూజెర్సీ)

ఆ యూపీఐ ఐడియా బాగుంది. ఇక్కడా పనికొస్తుంది. విడిభాగాలు ఆన్‌లైన్‌లో కొని సొంతంగా వేసుకునేవాళ్లు ఎక్కువ కాబట్టి ఆర్డర్ ఈమెయిల్ అడగొచ్చు.

—

లెక్కల పంతులు (అట్లాంటా)

ఎవరూ ఖర్చు చెప్పలేదు కాబట్టి నేను వేస్తా. ఊరిని బట్టి మారుతుంది, ఇది నా అంచనా మాత్రమే.

రెండు బెల్టులు, రోలర్లు, వాటర్ పంప్, ముందు సీళ్లు, థర్మోస్టాట్ కలిపి విడిభాగాలకు 600 డాలర్ల పైచిలుకు. ఈ బండి తెలిసిన స్వతంత్ర షెడ్‌లో కూలీ 1,300 నుంచి 1,700. అంటే రెండు వేలకు కాస్త అటూఇటూ. అదే బెల్ట్ తెగాక అయితే ఇవన్నీ చేస్తూనే హెడ్ పని కూడా చేయాలి, మొత్తం రెట్టింపు దాటుతుంది.

కాబట్టి బేరం సూటిగా ఆడు. "రసీదు ఉంటే మీ ధరకు దగ్గరగా వస్తాను, లేకపోతే రెండు వేలు తగ్గించండి." ఆయన్ను అబద్ధమాడుతున్నారని అనక్కర్లేదు. లేని కాగితానికి ధర కడుతున్నాం అంతే.

ఫెరారీ వాళ్లతో పోలిస్తే మనం అదృష్టవంతులం. F355లో బెల్ట్ మార్చాలంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాలి. 360 మోడెనాలో సీట్ల వెనుక ప్యానెల్ విప్పి పని కానిచ్చేలా చేశారు. F430 నుంచి చెయిన్ పెట్టేసి ఆ గోల వదిలించుకున్నారు.

—

విజయవాడ వీ8 (విజయవాడ)

ఇలాంటి బండి అమెరికాలో కొని మన ఊరికి తెచ్చుకోవచ్చా? మా బావ టెక్సస్‌లోనే ఉంటాడు.

—

లెక్కల పంతులు (అట్లాంటా)

కుదరదండీ. ఇండియాకు తెచ్చే వాడిన కారు మూడేళ్లకు మించకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఇది రెండు పరీక్షల్లోనూ ఫెయిల్. సుంకం మాట ఇక ఎత్తక్కర్లేదు. మీ బావ దగ్గరికి వెళ్లినప్పుడు నడిపి రండి.

—

సెకండ్‌గేర్ (డాలస్)

అందరికీ థాంక్స్. మళ్లీ వెళ్లొచ్చాను. పెద్దాయన నిజంగానే వెతికి ఒక ఫైలు ఇచ్చారు. అందులో మనకు పనికొచ్చేవి మూడు. 2014 మార్చి నాటి షెడ్ బిల్లు, "టైమింగ్ బెల్ట్, బ్యాలెన్స్ బెల్ట్, రోలర్లు" అని ఉంది, 97,640 మైళ్లు. 2017లో టైర్లు మార్చిన బిల్లు, 98,012 మైళ్లు. 2022లో ఆయిల్ మార్చిన బిల్లు, అదీ 98,012.

అంటే బెల్ట్ వేసి 400 మైళ్లు కూడా తిరగలేదు. లాంగ్‌రూట్ అన్న చెప్పినట్టు, కాలం దాటినా అరుగుదల లేనట్టే కదా? పై కవర్ విప్పనిచ్చారు. అక్షరాలు సగం చెరిగి ఉన్నాయి, నూనె తడి లేదు.

—

పాతబండి (న్యూజెర్సీ)

ఆ మూడు అంకెలూ ఇంకోసారి చదువు.

2017లో 98,012. 2022లో 98,012. నువ్వు చూసినప్పుడు కూడా 98,012. అయిదేళ్ల తేడాతో బండి ఒక్క మైలు తిరగకుండా టైర్ల షాపుకీ ఆయిల్ షాపుకీ ఎలా వెళ్లింది?

మీటరు చచ్చిపోయింది. ఆ కాలపు వీడీవో కంపెనీ మీటర్లలో ఓడోమీటర్‌ను (మైళ్లు లెక్కపెట్టేదాన్ని) తిప్పే చిన్న ప్లాస్టిక్ గేర్ పొడిపొడిగా విరిగిపోవడం 944 వాళ్లందరికీ తెలిసిందే. స్పీడ్ ముల్లు మామూలుగానే పనిచేస్తుంది, అందుకే నడిపినవాడికి అనుమానం రాదు. టెస్ట్ డ్రైవ్‌కు ముందు, తర్వాత నంబరు చూశావా?

—

సెకండ్‌గేర్ (డాలస్)

మొదటిరోజు బయల్దేరేటప్పుడు డ్యాష్‌బోర్డ్ పగుళ్లు చూపించడానికి ఫొటో తీశా, తిరిగొచ్చాక ఇంకొకటి. ఇప్పుడే పక్కపక్కన పెట్టి చూశా. మధ్యలో హైవే మీద బాగానే తిరిగాం. రెండింట్లోనూ 98,012.

మరి అసలు ఎంత తిరిగిందో రిజిస్ట్రేషన్ కాగితాల్లో దొరకదా?

—

లెక్కల పంతులు (అట్లాంటా)

ఆశ పెట్టుకోకు. 2010, అంతకుముందు మోడళ్లకు చేతులు మారేటప్పుడు ఓడోమీటర్ రీడింగ్ ప్రకటించాలన్న నిబంధన నుంచి మినహాయింపు ఉంది. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద "మినహాయింపు" అని ఉంటుంది, అంతే. టైర్ల మీద తయారీ వారం, ఏడాది అచ్చు వేసి ఉంటాయి. అవి 2017 నాటివే అయితే, ట్రెడ్ ఎంత అరిగిందో చూసి స్థూలంగా ఊహించొచ్చు. అంతకుమించి లేదు.

—

గ్రీజుచేతులు (హ్యూస్టన్)

ఆ బిల్లులో వాటర్ పంప్ లేదు, గమనించావా? రోలర్లు వేసి పంప్ వదిలేశారు. బెల్ట్ టెన్షన్, అంటే బిగుతు, మళ్లీ చూసిన బిల్లు కూడా లేదు. కొత్త బెల్ట్ మొదట్లో సాగుతుంది, అందుకే 1,500-2,000 మైళ్లకు ఒకసారి మళ్లీ సరిచేయాలి. 1987 నుంచి స్ప్రింగ్ టెన్షనర్ ఇచ్చారు కానీ నీది 1986, అంతా చేతి సెట్టింగే.

కాబట్టి నీ దగ్గరున్నది పదేళ్లు దాటిన బెల్ట్, ఎన్ని మైళ్లో తెలియదు, పంప్ వయసు తెలియదు. పెద్దాయన అబద్ధం చెప్పలేదు, బెల్టులు నిజంగా అయ్యాయి. అయినా ఇప్పుడు మార్చాల్సిందే.

షెడ్ ఎంచుకునేటప్పుడు ఫోన్‌లో ఒక్క ప్రశ్న అడుగు: "944 బెల్ట్ టెన్షన్ దేనితో కొలుస్తారు?" పోర్షే గేజ్ P9201 అని గానీ, దాని బదులు వాడే వేరే గేజ్ పేరు గానీ ఠక్కున చెబితే మాట్లాడు. "వేళ్లతో తిప్పి చూస్తాం" అంటే, అలా చేసి సరిగ్గా పెట్టేవాళ్లు ఉన్నారు కానీ నీకు ఆ రిస్క్ వద్దు.

బెల్టులు మార్చే ముందు సిలిండర్లలో ఒత్తిడి సరిగ్గా నిలుస్తోందో చెప్పే కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్టులు చేయించు. ఏదో ఒక సిలిండర్ తక్కువ చూపిస్తే బేరం మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. క్లచ్ కూడా చూడమను. గేర్‌బాక్స్ వెనుక ఇరుసు దగ్గర ఉంటుంది, ఇంజిన్‌నూ దాన్నీ కలిపే టార్క్ ట్యూబ్ కదపకుండా క్లచ్ దాకా చేరలేరు. ఆ కూలీ బెల్ట్ కూలీని మించిపోతుంది.

—

లాంగ్‌రూట్ (చికాగో)

మీటరు సంగతి నాకు తట్టలేదు. అయితే నేనూ వెళ్లి నా బండి మీటరు చూసుకోవాలి.

—

సెకండ్‌గేర్ (డాలస్)

అప్‌డేట్. ఫొటోలు, బిల్లులు పక్కన పెట్టి పెద్దాయనకు చూపించా. మీటరు ఆగిపోయిందని ఆయనకూ తెలియదు, నిజంగానే ఆశ్చర్యపోయారు. కంప్రెషన్ టెస్ట్ నా ఖర్చుతో చేయించా, నాలుగు సిలిండర్లూ దగ్గరదగ్గరగానే వచ్చాయి. ధర 7,600కు తెగింది. బెల్టులు, పంప్, సీళ్లు అన్నీ ఒకేసారి చేయిస్తున్నా. షెడ్‌వాడిని గేజ్ ప్రశ్న అడిగితే నవ్వి, "ఎవరు నేర్పారు?" అన్నాడు.

బండిని షెడ్‌కు నడిపించుకుని వెళ్లొచ్చా? ముప్పై మైళ్లు ఉంటుంది.

—

పాతబండి (న్యూజెర్సీ)

వద్దు. ట్రిపుల్ ఏ (ఇక్కడి వాహనదారుల సంఘం) ప్లస్ మెంబర్‌షిప్ ఉంటే వంద మైళ్ల దాకా టోయింగ్ వస్తుంది, ఫ్లాట్‌బెడ్ పంపమను.

—

గ్రీజుచేతులు (హ్యూస్టన్)

పని అయ్యాక పాత బెల్టులు, పంప్ పెట్టెలో వేసి ఇవ్వమని ముందే చెప్పు. బిల్లు మీద తేదీ రాయించు. మీటరు గేర్ విడిగా దొరుకుతుంది, బెల్ట్ పని రోజే అదీ వేయిస్తే బిల్లులో మైళ్లకు అర్థం ఉంటుంది. గేర్ వేశాక బండి కదులుతుండగా ట్రిప్ మీటర్ బటన్ నొక్కకు. చాలా గేర్లు విరిగేది అప్పుడే. ఆపి నొక్కు.